గిన్నె మునిగేదాకా

మా నాన్న మాట ఒకటే:
తిథికి గోడగడియారం తెలియదు.
అందుకే సర్‌ఖేల్‌గారి దుర్గామండపంలో, నైరుతి మూల
ఇత్తడి గంగాళం, నిండా దామోదర్ నీళ్లు,
నీళ్ల మీద రాగి గిన్నె,
దాని అడుగున చీమ తలంత చిల్లు.
గిన్నె నిండి మునిగితే ఒక ఘడియ.
అష్టమికి చివరిది ఒకటి, నవమికి మొదటిది ఒకటి,
రెంటికీ నడుమ అతుకు సంధి.
అతుకు తప్పితే నూట ఎనిమిది దీపాలూ
ఉత్త చమురు ఖర్చు.

గిన్నె కాపలా తాతది. తర్వాత అన్నది.
అన్న దుర్గాపూర్ ఉక్కు కర్మాగారంలో రాత్రి షిఫ్టుకెక్కిన ఏడు
ఇంకెవరూ దొరక్క నన్ను కూర్చోబెట్టారు.
రెప్ప వేయకు, అన్నాడు నాన్న.
నీళ్ల మీదికి ఊపిరి వదలకు, అల పుడుతుంది.

ఆ ఏడు రెండు పంజికలకు నలభై ఆరు నిమిషాల తేడా.
క్లబ్బువాళ్లది కొత్త లెక్క, మాది పాతది.
వాళ్ల ఢాక్ మోగి మోగి ఆగిపోయింది.
అంటే కాలవ అవతల చండుడూ ముండుడూ చచ్చారు,
మా వీధిలో ఇంకా మీసాలు దువ్వుకుంటున్నారు.
ఢాకీ నితాయ్ రుయిదాస్ బీడీ నలిపేసి నవ్వాడు:
"అమ్మ ఒక్కతే, చంపడం మాత్రం రెండుసార్లు."

మొదటి గిన్నె సగం నిండింది.
నా కొంగున ముడేసిన నాన్న ఫోను వణికింది.
సిల్చార్ నుంచి, చిన్నాన్న కొడుకు బాప్టు.
"దీదీ" అన్నాడు,
తర్వాత గొంతుకేదో అడ్డం పడింది.
వెనక పిన్ని ఏడుపు,
ఎవరో కిటికీలు తెరుస్తున్న చప్పుడు.
నేను ఫోను కట్టేశాను.

మైల చావుతో రాదు, చెవిన పడితే వస్తుంది.
నాన్న ఊళ్లో అందరికీ చెబుతుంటే
వంటింట్లోంచి విని నేర్చుకున్నాను.
దూరాన పోయినవాడు కబురు అందేదాకా
ఇంట్లో బతికే ఉంటాడు.
మరి ఏడుపు కబురేనా?
పేరు లేదు, క్రియ లేదు,
ఒక్క పిలుపు, దాని వెనక గాలి.

కాలవ అవతలి చండుడిలా
చిన్నాన్న అక్కడ.
ఇక్కడ ఇంకా కాదు.

ఈ చిల్లుకు చిలుము పట్టి పూడుకుపోయిన ఏడు
పులస ముల్లుతో గుచ్చి తెరిచింది ఆయనే.
"నీ నాన్నకు చెప్పకే, శాస్త్రానికి అసలే చెప్పకు."
అప్పుడు నాకు ఎనిమిదేళ్లు.
అప్పట్నుంచీ అమ్మవారి ఘడియలన్నీ
ఆ చేప ముల్లు సందులోంచే వచ్చాయి.

గిన్నె మునిగింది.
బుడుంగుమని, అంతే, పిల్ల కప్ప దూకినంత.
కంచు కొట్టాను. దీపాలు లేచాయి. నితాయ్ విరుచుకుపడ్డాడు.
నవమి ఘడియకు గిన్నె మళ్లీ తేలేయాలి.
ఈ చేత్తోనే తేలేశాను.

అదీ మునిగాక ఫోను నాన్నకిచ్చాను.
విన్నాడు. చాలాసేపు విన్నాడు.
"ఇది మొదట ఎప్పుడు మోగింది?"
"మొదటి గిన్నె సగంలో."
సంకల్పం చెప్పుకున్నవాడికి పూజ ముగిసేదాకా మైల అంటదు,
అని సగం శ్లోకం తనకే వినిపించుకున్నాడు.
తర్వాత నా తడి చేతికేసి చూశాడు.
కళ్లు మూసుకుని తాళపత్రాలు తిరగేశాడు, ఒకదాని వెనక ఒకటి.
గిన్నె దగ్గర ఆడపిల్ల కూర్చుంటుందని
రాసినవాళ్లెవరూ అనుకున్నట్టు లేదు.

"ఏడుపు విన్నావా, మాట విన్నావా?"
"నీళ్లు చూశాను" అన్నాను.

మూడు జిల్లాలకు ముహూర్తాలు పెట్టే మా నాన్న
వాడిన తామరల మధ్య చతికిలబడి
పది రోజులు ఏ నిమిషం నుంచి లెక్కపెట్టాలమ్మా
అని నన్నడిగాడు.

మైల తీరాక, చేప వండిన రోజున
నా కంచంలోంచి ముల్లొకటి తీసి
కడిగి ఎండబెట్టుకున్నాను.
రాగికి చిలుము ఎప్పుడు పడుతుందో
ఏ పంజికలోనూ ఉండదు.